రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య మూడు దారులు

రాత్రి భోజనాలయ్యాక రేడియోను 7.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టి వింటే మాటలేవీ వినిపించవు. సన్నని ఈలలు గుంపుగా ఒక్కసారే మొదలవుతాయి, పన్నెండు సెకన్లకు పైగా సాగుతాయి, ఒక్కసారే ఆగిపోతాయి. రెండు క్షణాల విరామం తర్వాత మళ్లీ మొదలు. చెవికి అది వట్టి గోల. అదే గోలను ఒక తీగ ద్వారా కంప్యూటర్‌కి అందిస్తే తెర మీద వరసలు దిగుతాయి. ఎవరో పిలుస్తున్నారు, ఎవరో జవాబిస్తున్నారు, ఎవరి సిగ్నల్ ఎవరికి ఎంత బలంగా అందిందో అంకెల్లో కనిపిస్తుంది. ఇంటి మీద పెద్ద టవర్ లేకపోయినా, బాల్కనీలో కట్టిన తీగతోనే సముద్రాల అవతలి స్టేషన్లు ఆ వరసల్లో చేరతాయి.

హామ్ (అమెచ్యూర్ రేడియో) పరీక్ష పాసై, కాల్ సైన్ తెచ్చుకుని, రిగ్ (రేడియో సెట్టు) కూడా కొనుక్కున్నవాళ్లు కొందరు సరిగ్గా ఆ తీగ దగ్గరే ఆగిపోతారు. రిగ్ వెనక నాలుగైదు సాకెట్లు, కంప్యూటర్‌లో కామ్ పోర్టుల జాబితా, సాఫ్ట్‌వేర్‌లో పేజీలకొద్దీ సెట్టింగులు. అన్నీ ఒకే పూట కలిపేసి, పనిచేయకపోతే తప్పు ఎక్కడుందో అంతుపట్టక పక్కన పెట్టేస్తారు. ఈ అధ్యాయం చెప్పేది ఒకటే పద్ధతి. రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్నవి మూడు వేర్వేరు దారులు. ఒక్కోదాన్ని విడిగా కలపాలి, విడిగా పరీక్షించాలి. ఒకటి తేలాకే రెండోదాన్ని ముట్టుకోవాలి.

ఈలల వెనక ఉన్న పని

1974లో అమెరికా భౌతిక శాస్త్రవేత్తలు జో టేలర్, రస్సెల్ హల్స్ జంట నక్షత్ర వ్యవస్థలో ఒక పల్సర్‌ను కనిపెట్టారు. 1993లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆకాశం నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో సంకేతాలను రొదలోంచి వేరుచేయడమే ఆ పరిశోధనకు ప్రాణం. టేలర్ హామ్ కూడా. ఆ నైపుణ్యాన్నే ఆయన హామ్ రేడియోలోకి తెచ్చారు. 2017లో స్టీవ్ ఫ్రాంకీతో కలిసి ఆయన విడుదల చేసిన మోడ్ పేరు ఎఫ్‌టీ8. అందులోని రెండు ఇంగ్లిష్ అక్షరాలు వారిద్దరి ఇంటిపేర్లవి, 8 అంకె అది వాడే టోన్ల సంఖ్య.

ఎఫ్‌టీ8లో కాలాన్ని 15 సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో 12.64 సెకన్లు ప్రసారం. ఆ వ్యవధిలో వెళ్లేది 77 బిట్ల సమాచారం మాత్రమే. అంటే రెండు కాల్ సైన్లు, ఒక స్థల సంకేతం లేదా సిగ్నల్ రిపోర్టు. దానికి పట్టే వెడల్పు 50 హెర్ట్జ్. మాట్లాడే సైడ్‌బ్యాండ్ సంభాషణ ఒక్కటి ఆక్రమించే చోట డజన్లకొద్దీ ఎఫ్‌టీ8 స్టేషన్లు పక్కపక్కనే పనిచేసుకోగలవు. 2500 హెర్ట్జ్ వెడల్పులోని రొదతో పోలిస్తే 20 డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ను కూడా సాఫ్ట్‌వేర్ చదివేస్తుంది. ఆ స్థాయిలో మాట వినిపించే ప్రశ్నే లేదు.

తీరిగ్గా టైపు చేసుకుంటూ కబుర్లాడాలనుకునేవారికి పీఎస్‌కే31 ఉంది. బ్రిటన్ హామ్ పీటర్ మార్టినెజ్ దాన్ని 1998లో హామ్‌ల చేతికిచ్చారు. అప్పటిదాకా డిజిటల్ ప్రసారాలకు టెలిప్రింటరో ప్రత్యేక మోడెమ్ పెట్టెనో కావాలన్న భావన ఉండేది. మామూలు కంప్యూటర్ సౌండ్ కార్డు చాలని ఈ మోడ్ లోకమంతటా చూపించింది. నేటికీ సూత్రం అదే. కంప్యూటర్ శబ్దాన్ని తయారుచేస్తుంది, రేడియో ఆ శబ్దాన్ని మోసుకెళ్తుంది.

మూడు దారులు ఏవి?

మొదటిది ఆడియో. రేడియోలో వినిపించేది కంప్యూటర్‌లోకి వెళ్లాలి, కంప్యూటర్ పుట్టించిన టోన్లు రేడియోలోకి రావాలి. డిజిటల్ మోడ్‌కి ప్రాణమంతా ఇక్కడే ఉంది.

రెండోది పీటీటీ. మైకు మీద బటన్ నొక్కితే జరిగే పనిని కంప్యూటర్ చేయడం. చాలా రేడియోల్లో పీటీటీ పిన్నును గ్రౌండ్‌కి కలిపితే ప్రసారం మొదలవుతుంది. సీరియల్ పోర్టులోని ఆర్‌టీఎస్ లైన్ ఒక చిన్న ట్రాన్సిస్టర్‌నో ఆప్టో కప్లర్‌నో నడిపి ఆ పని పూర్తిచేస్తుంది.

మూడోది క్యాట్, అంటే కంప్యూటర్ నుంచి రేడియోను నడిపే అదుపు. ఫ్రీక్వెన్సీ మార్చడం, మోడ్ మార్చడం దీని పని. ఐకామ్ సంస్థ తన పద్ధతికి సీఐ-వీ అని పేరు పెట్టుకుంది. క్యాట్ ఉంటే సుఖం. లేకపోయినా బండి నడుస్తుంది. ఫ్రీక్వెన్సీని చేత్తో తిప్పుకుని ఎఫ్‌టీ8లో సంభాషణలు చేయవచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే క్యాట్ మొరాయించిన రోజున మొత్తం పని ఆపేసుకోనక్కర్లేదు.

చేతిలో ఉన్న రేడియో ఏ తరగతి?

2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 లాంటి కొత్త రేడియోల్లో సౌండ్ కార్డు, సీరియల్ పోర్టు రెండూ లోపలే ఉంటాయి. ప్రింటర్‌కి వాడే యూఎస్‌బీ కేబుల్ ఒక్కటి చాలు, మూడు దారులూ అందులోనే నడుస్తాయి. విండోస్‌లో అయితే డ్రైవర్‌ను ముందు ఎక్కించి, తర్వాతే కేబుల్ గుచ్చాలి. కలిపాక కంప్యూటర్‌కి కొత్తగా రెండు పరికరాలు కనిపించాలి. ఒకటి కామ్ పోర్టు, రెండోది ‘యూఎస్‌బీ ఆడియో కోడెక్’. రేడియో మెనూలో డేటా మోడ్యులేషన్ ఎక్కడి నుంచి రావాలన్న సెట్టింగ్‌ను యూఎస్‌బీకి మార్చాలి, మోడ్‌ను అప్పర్ సైడ్‌బ్యాండ్ డేటాకి పెట్టాలి. మొదటి సెట్టింగ్ మరిచిపోతే ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలుగుతుంది కానీ పవర్ మీటర్ సున్నా మీదే ఉంటుంది. ఐసీ-7300 కొత్తగా కొన్నవాళ్లు తికమకపడే చోట్లలో ఇదొకటి.

రెండో తరగతి యేసు కంపెనీ ఎఫ్‌టీ-817, 818, 857 లాంటివి. వీటి వెనక ఆరు పిన్నుల గుండ్రటి డేటా సాకెట్ ఉంటుంది. ఆడియో లోపలికి, ఆడియో బయటికి, పీటీటీ, గ్రౌండ్ అన్నీ దాంట్లోనే. క్యాట్‌కి వేరే సాకెట్. వీటికి మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్ కావాలి. టైగర్‌ట్రానిక్స్ వారి సిగ్నలింక్ యూఎస్‌బీ పెట్టెలో సొంత సౌండ్ కార్డు ఉంటుంది. టోన్ రాగానే అదే పీటీటీ నొక్కేస్తుంది కాబట్టి పీటీటీకి కామ్ పోర్టు అక్కర్లేదు. అయితే లోపలి జంపర్లను ఆ రేడియోకి తగ్గట్టు పెట్టుకోవాలి. డిజిరిగ్ అనే చిన్న పెట్టెలో సౌండ్ కార్డుతోపాటు సీరియల్ పోర్టు కూడా ఉంది, కాబట్టి క్యాట్ కూడా దాంతోనే నడుస్తుంది.

మూడో తరగతిలో మైకు సాకెట్, హెడ్‌ఫోన్ సాకెట్ తప్ప మరేమీ లేని పాత రేడియోలు. వీటితోనూ పనవుతుంది, కాకపోతే లెవెల్స్ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కంప్యూటర్ స్పీకర్ వైపు నుంచి వచ్చే ఆడియో వోల్టు దరిదాపుల్లో ఉంటుంది. మైకు సాకెట్‌కి కావలసింది మిల్లీవోల్టులు. సన్నమూతి సీసాలో బిందెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టే. అందుకే మధ్యలో రెండు రెసిస్టర్లతో డివైడర్ కట్టి సుమారు నూరో వంతుకి తగ్గిస్తారు. దానికి ముందు 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెడితే రెండు వైపుల గ్రౌండ్‌లు విడిపోయి గుయ్‌మనే హమ్ పోతుంది. ఈ రోజుల్లో ల్యాప్‌టాప్‌లకి ఒకటే ఆడియో జాక్ ఉంటోంది కాబట్టి చవకగా దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి ఇందుకోసమే కేటాయించుకోవడం మేలు.

తొలి రాత్రి వినడమే

ఏ తరగతి రేడియో అయినా మొదట కలపాల్సింది ఒక్క తీగ, రేడియో నుంచి కంప్యూటర్‌కి వచ్చే ఆడియో. టేలర్ బృందం ఉచితంగా ఇచ్చే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సౌండ్ ఇన్‌పుట్‌గా ఆ కార్డును ఎంచుకోవాలి. రేడియోలో అప్పర్ సైడ్‌బ్యాండ్, ఫిల్టర్ వెడల్పుగా, నాయిస్ రిడక్షన్ ఆఫ్. 40 మీటర్ల మీద మాటకు లోయర్ సైడ్‌బ్యాండ్ అలవాటైనవారు ఇక్కడ కూడా అదే పెట్టి, ఒక్క వరసా రాలేదని బెంబేలెత్తుతారు. ఎఫ్‌టీ8కి ఏ బ్యాండ్ అయినా అప్పర్ సైడ్‌బ్యాండే.

సాఫ్ట్‌వేర్ తెర మీద ఎడమవైపు అడుగున ఆడియో లెవెల్ చూపే నిలువు గీత ఉంటుంది. బ్యాండ్‌లో వట్టి రొద మాత్రమే ఉన్నప్పుడు అది 30 దగ్గర నిలవాలి. ఎర్రబారితే లెవెల్ ఎక్కువ, సున్నా దగ్గరే ఉంటే తీగో కార్డో తప్పు. విండోస్‌లో ఆ కార్డుకి సంబంధించిన ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ అన్నీ తీసేయాలి. మనిషి గొంతును మెరుగుపరిచే ఆ హంగులు డిజిటల్ టోన్లను చెరిచేస్తాయి.

లెవెల్ బాగున్నా వరసలు రాకపోతే గడియారాన్ని అనుమానించాలి. 15 సెకన్ల ముక్క ఎక్కడ మొదలైందో కంప్యూటర్‌కి తెలియాలంటే దాని టైమ్ ఒక సెకను లోపు తేడాతో సరిగ్గా ఉండాలి. తెర మీద ‘డీటీ’ అనే నిలువు వరసలో ఒక్కో స్టేషన్‌కి ఎంత తేడా ఉందో కనిపిస్తుంది. వచ్చిన స్టేషన్లన్నింటికీ దాదాపు ఒకే పెద్ద తేడా చూపిస్తే తప్పు ఇంట్లోని గడియారానిదే. ఇంటర్నెట్ ద్వారా టైమ్ సరిచేసుకుంటే సరిపోతుంది.

ఇదే రాత్రి ఇంకో పరీక్ష కూడా చేసుకోవచ్చు. వాటర్‌ఫాల్ (వచ్చే సిగ్నళ్లను చారలుగా చూపే పట్టీ) చూస్తూ ల్యాప్‌టాప్ అడాప్టర్ తీగ లాగేయాలి. తెర మీద నిలువు చారలు కొన్ని మాయమైతే ఆ అడాప్టరే రొద పుట్టిస్తోంది. తర్వాత ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్ ఒక్కొక్కటి ఆపి చూడాలి. డబ్బు పెట్టి కొత్త యాంటెన్నా కట్టినా రాని లాభం ఒక్కోసారి ఒక పాడు చార్జర్‌ను తీసేస్తే వస్తుంది.

క్యాట్, పీటీటీ పరీక్ష

వరసలు నిలకడగా దిగుతున్నాయని తేలాక క్యాట్‌కి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రేడియో మోడల్, కామ్ పోర్టు నంబరు, బాడ్ రేటు ఇచ్చి ‘టెస్ట్ క్యాట్’ నొక్కితే ఆ బటన్ ఆకుపచ్చగా మారాలి. మారకపోతే చూడాల్సినవి కొన్నే. రేడియో మెనూలో ఉన్న బాడ్ రేటు, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చింది ఒకటేనా? ఎఫ్‌టీ-817 లాంటివి కొత్తగా వచ్చినప్పుడు 4800 మీద ఉంటాయి. కామ్ పోర్టు నంబరు మారిందా? యూఎస్‌బీ కేబుల్‌ను వేరే సాకెట్‌లో గుచ్చితే నంబరు మారిపోవచ్చు. అదే పోర్టును ఇంకో సాఫ్ట్‌వేర్ పట్టుకుని కూర్చుందా? ఈ మూడింటిలోనే చాలావరకు జవాబు దొరుకుతుంది.

తర్వాత ‘టెస్ట్ పీటీటీ’. దీన్ని నొక్కేముందు యాంటెన్నా బదులు, పవర్‌ను వేడిగా మార్చి మింగేసే డమ్మీ లోడ్ తగిలించాలి. బటన్ ఎర్రబడాలి, రేడియో ప్రసారంలోకి వెళ్లాలి, మళ్లీ నొక్కగానే వెనక్కి రావాలి. వెనక్కి రాకుండా ప్రసారంలోనే ఉండిపోతే పీటీటీ లైన్ ఎంపికో వైరింగో తప్పని అర్థం. ఆ తప్పు డమ్మీ లోడ్ మీద బయటపడితే ఎవరికీ ఇబ్బంది లేదు. యాంటెన్నా మీద బయటపడితే బ్యాండ్‌లో ఉన్నవారందరికీ తెలుస్తుంది.

అసలు మెలకువ: ప్రసార లెవెల్

ఇక్కడ తొందర పనికిరాదు. వినేటప్పుడు తప్పు చేస్తే నష్టపోయేది ఒక్కరే. ప్రసారంలో తప్పు చేస్తే పక్కవారి సంభాషణ చెడుతుంది.

కంప్యూటర్ నుంచి వచ్చే ఆడియో టోన్ 800 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. లెవెల్ మితిమీరి ఆ తరంగం తల తెగితే దాని రెట్టింపు 1600 దగ్గరా, మూడింతలు 2400 దగ్గరా కొత్త టోన్లు పుడతాయి. రేడియోలోని సైడ్‌బ్యాండ్ ఫిల్టర్ సుమారు 3000 హెర్ట్జ్ దాకా దారి ఇస్తుంది కాబట్టి ఆ రెండు దొంగ టోన్లూ అసలు సిగ్నల్‌తోపాటు గాల్లోకి వెళ్తాయి. అవతలివారి వాటర్‌ఫాల్ మీద ఒకే స్టేషన్ జాడ మూడు చోట్ల కనిపిస్తుంది. అదే టోన్ 1600 దగ్గర ఉంటే దాని రెట్టింపు 3200 అవుతుంది, ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది. అందుకే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో స్ప్లిట్ ఆపరేషన్ కింద ‘ఫేక్ ఇట్’ అనే సదుపాయం ఉంది. అది రేడియో ఫ్రీక్వెన్సీని కాస్త జరిపి, ఆడియో టోన్ ఎప్పుడూ 1500కీ 2000కీ మధ్యే ఉండేలా చూసుకుంటుంది. దీనికి క్యాట్ కావాలి. క్యాట్ తెచ్చే పెద్ద లాభాల్లో ఇదొకటి.

లెవెల్ పెట్టే తీరు ఇలా ఉంటుంది. డమ్మీ లోడ్ తగిలించి, రేడియో మీటర్‌ను ఏఎల్‌సీకి (లెవెల్ మితిమీరకుండా తానే అదుపుచేసే ఏర్పాటుకి) మార్చి, స్పీచ్ ప్రాసెసర్ ఆఫ్ చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో పవర్ స్లైడర్‌ను కిందికి దించి ‘ట్యూన్’ నొక్కాలి. స్లైడర్‌ను మెల్లగా పైకి జరుపుతుంటే పవర్ 5 వాట్లు, 10, 20 అంటూ పెరుగుతుంది. కావలసినంత పవర్ వచ్చేసరికి ఏఎల్‌సీ ముల్లు ఇంకా కదలకుండా ఉండాలి. ముల్లు లేచిందంటే హద్దు దాటినట్టు, వెనక్కి తగ్గించాలి. ఎలెక్రాఫ్ట్ లాంటి కొన్ని రేడియోల్లో ఏఎల్‌సీ గీతల లెక్క వేరుగా ఉంటుంది, అక్కడ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. ప్రతి బ్యాండ్‌కీ ఈ పరీక్ష ఒకసారి చేసి, స్లైడర్ ఎక్కడ ఉందో నోట్‌బుక్‌లో రాసుకుంటే రేపు వెతుక్కునే పని ఉండదు.

పవర్ ఎంత? మాటలో గొంతు హెచ్చుతగ్గులతో సగటు పవర్ తక్కువే ఉంటుంది. ఎఫ్‌టీ8 టోన్ మాత్రం 12.64 సెకన్లూ పూర్తి బలంతో నడుస్తుంది. 100 వాట్ల రేడియోను 100 మీదే నడిపితే ఫైనల్ ట్రాన్సిస్టర్లు కాగిపోతాయి. మన వేసవిలో ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉంటుంది కాబట్టి 30, 40 వాట్ల దగ్గర ఆగడం రేడియోకీ మంచిది, బ్యాండ్‌కీ మంచిది. అంత పవర్‌తో ప్రపంచంలో చాలా మూలలకి చేరవచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. రేడియో సౌండ్ కార్డును విండోస్ డిఫాల్ట్ స్పీకర్‌గా వదిలేయకూడదు. వదిలేస్తే ఈమెయిల్ వచ్చిన గంట, సినిమా పాట, వీడియోలో మాటలు అన్నీ 7.074 మీద ప్రసారమైపోవచ్చు. కంప్యూటర్ శబ్దాలకు ల్యాప్‌టాప్ స్పీకర్, రేడియోకి రేడియో కార్డు అని మొదటి రోజే విడదీయాలి.

మౌస్ బిగుసుకుపోతే

డమ్మీ లోడ్ మీద అన్నీ బాగున్నాయి. యాంటెన్నా తగిలించి ప్రసారం చేయగానే మౌస్ కదలదు, యూఎస్‌బీ తెగిన చప్పుడు వస్తుంది, రేడియో ప్రసారంలోనే ఇరుక్కుంటుంది. రేడియో శక్తి యూఎస్‌బీ తీగను యాంటెన్నాగా చేసుకుని కంప్యూటర్‌లోకి జొరబడుతోందని దీనర్థం. యాంటెన్నా పక్కనే రేడియో ఉండే అపార్ట్‌మెంట్ స్టేషన్లలో ఇది తరచూ ఎదురవుతుంది. ముందుగా పవర్‌ను 5 వాట్లకి తగ్గించి చూడాలి. జబ్బు తగ్గితే కారణం అదే.

మందు ఫెర్రైట్. హెచ్ఎఫ్ బ్యాండ్‌లకి 31 రకం ఫెర్రైట్ కోర్ తెచ్చి, యూఎస్‌బీ కేబుల్‌ను రెండు చివర్లలోనూ అందులోంచి కొన్ని చుట్లు తిప్పాలి. ఊరికే ఒక్కసారి దూర్చితే అంత ఫలితం ఉండదు, చుట్లు పెరిగే కొద్దీ అడ్డు పెరుగుతుంది. కేబుల్ పొట్టిగా, మంచి షీల్డ్ ఉన్నదిగా ఉండాలి. యాంటెన్నా ఫీడ్ పాయింట్ దగ్గర కామన్ మోడ్ చోక్ పెడితే జబ్బు మూలంలోనే సగం పోతుంది.

తొలి సంభాషణ

గాల్లోకి వెళ్లే ముందు లైసెన్సు తీసి చదువుకోవాలి. కేంద్ర టెలికమ్యూనికేషన్స్ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సులో ఏ గ్రేడ్‌కి ఏ బ్యాండ్లు, ఎంత పవర్, ఎలాంటి ప్రసారాలు అనుమతించారో ఉంటుంది. మన దేశపు హామ్‌ల కాల్ సైన్లు ఎక్కువగా వీయూ2, వీయూ3తో మొదలవుతాయి. వాటితోపాటు గ్రిడ్ లొకేటర్ కూడా సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. హైదరాబాద్, వరంగల్ రెండూ ఎంకే97 గడిలో ఉన్నాయి. విజయవాడ ఎన్‌కే06, విశాఖపట్నం ఎన్‌కే17, తిరుపతి ఎంకే93.

ఎవరో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి) అని పిలుస్తున్న వరస మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు. మన కాల్ సైన్, గ్రిడ్ వెళ్తాయి. అవతలి నుంచి మైనస్ 12 అని రిపోర్టు వస్తుంది, మన రిపోర్టు వెళ్తుంది, అందిందని సంకేతం వస్తుంది, చివరగా 73 అంటే నమస్కారం. నిమిషంన్నరలో అంతా అయిపోతుంది. లాగ్‌లో ఎక్కించమంటూ సాఫ్ట్‌వేరే అడుగుతుంది.

ఈ దారులు ఒకసారి తయారైతే వాటి మీద నడిచేవి చాలా ఉన్నాయి. జోర్డాన్ షెరర్ 2018లో తెచ్చిన జేఎస్8కాల్‌తో ఎఫ్‌టీ8 అంత బలహీన సిగ్నల్ మీద కూడా సొంత వాక్యాలు టైపు చేసి పంపుకోవచ్చు. డబ్ల్యూఎస్‌పీఆర్‌తో దాదాపు రెండు నిమిషాలు సాగే చిన్న సంకేతం అప్పుడప్పుడు వదిలి, ఇంటి యాంటెన్నా ఎంత దూరం పోతోందో కొలుచుకోవచ్చు. 145.825 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని డిజిటల్ రిపీటర్ పనిచేస్తున్న రోజుల్లో చేతిలో పట్టే వీహెచ్ఎఫ్ రేడియోకి ఇదే ఆడియో తీగ తగిలించి ఆ ప్యాకెట్లను చదవవచ్చు.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం అండమాన్‌లో ఉండగా సునామీ విరుచుకుపడింది. దీవులకు మిగతా సంబంధాలు తెగిన ఆ గంటల్లో ఆ హామ్‌ల స్టేషన్లే కబుర్లు చేరవేశాయి. ఆ పని మాటతో జరిగింది. పేర్ల జాబితాలు, మందుల లెక్కలు తప్పుల్లేకుండా చేరాల్సిన చోట టైపు చేసిన అక్షరం ఇంకా నమ్మకమైన సాధనం. కానీ అది ఆపద వచ్చిన రోజున నేర్చుకునేది కాదు. రిగ్ ఉన్నవారు ఈ వారాంతం ఒక్క ఆడియో తీగ కలిపి వినడంతో మొదలుపెట్టండి. క్యాట్, పీటీటీ వచ్చే వారం చూసుకోవచ్చు. ప్రసారం చేసే ముందు మాత్రం ఏఎల్‌సీ మీటర్ తప్పక చూడండి.